ఇద్దరికీ ఒకే కాలేజీ

నేను చదివింది మూడో తరగతి. అదీ నిండా కాదు. బడికి పోయిన రోజులకంటే మేకల వెంట పోయిన రోజులే ఎక్కువ. అట్లాంటి నాకు ఇంగ్లీషులో కంటిన్యువల్ అనే మాటకూ కంటిన్యువస్ అనే మాటకూ తేడా తెలుసంటే మా ఊళ్ళో నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. కంటిన్యువల్ అంటే మార్కాపురంలో మా వీధి కుళాయి. వస్తుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది. కంటిన్యువస్ అంటే మా కింది ఇంటి జాహిదా మాట. మొదలైందంటే మధ్యలో ఆగేది లేదు. చూడ్డానికి ఒక్కలాగే ఉండి మనిషిని తికమక పెట్టే ఇలాంటి జంటలను ఆ ఎండాకాలమంతా విన్నాను. నా బుర్ర ఎట్లాంటిదో గానీ, ఒకసారి చెవిన పడింది మళ్ళీ బయటికి పోదు. ఇన్నాళ్ళకూ ఒక్కటి మరిచిపోలేదు. ఎందుకు మరిచిపోలేదా అని బాధపడిన పొద్దులు కూడా ఉన్నాయి.

మా ఊరు పుల్లలచెరువు అవతల, అడవి అంచున ఉంటుంది. నా మనవరాలు జాహ్నవి డిగ్రీలో చేరినప్పుడు నా కొడుకు మాలకొండయ్య మార్కాపురంలో మజీదు అనే అతని ఇంటిమీద ఒక గది బాడుగకు తీసుకుని దాన్నీ నన్నూ అక్కడ పెట్టాడు. మావైపు ఇది మామూలే. పిల్ల చదువుకు టౌనుకు పోతే, వంటకూ కాపలాకూ వెంట ఒక ముసలిది పోవాల్సిందే. కొడుకూ కోడలూ ఊళ్ళో సేద్యం చూసుకుంటారు. ఆదివారం ఆదివారం వాడు వచ్చి మమ్మల్ని చూసి పోతాడు.

మజీదుకు మిక్సీలూ ఫ్యాన్లూ బాగుచేసే దుకాణం ఉంది. జాహిదా అతని భార్య. వాళ్ళ కూతురు మహజబీను మా జాహ్నవి క్లాసే. ఇద్దరూ కలిసే కాలేజీకి పోయేవాళ్ళు, కలిసే వచ్చేవాళ్ళు. వీధిలో ఎవరైనా ఒకదాన్ని పిలవాలంటే రెండో దాని పేరు పెట్టి పిలిచేవాళ్ళు. పిలిచినవాళ్ళకూ పట్టింపు లేదు, పలికినవాళ్ళకూ లేదు.

డిగ్రీ ఆఖరి పరీక్షలకు ముందు ఒక ఆదివారం మాలకొండయ్య గోతంలో కందిపప్పూ క్యానులో పెరుగూ తీసుకుని వచ్చాడు. జాహ్నవి వాడు అన్నం తినేదాకా ఓపిక పట్టింది. తండ్రి దగ్గర ఏ మాట ఎప్పుడు ఎత్తాలో ఆ పిల్లకు బాగా తెలుసు.

"నాయనా, ఎంబీఏ ఎంట్రెన్సు రాస్తా."

"రాయి. ఎవరొద్దన్నారు?"

"ర్యాంకు వస్తే వైజాగ్ యూనివర్సిటీలో చేరతా."

చెయ్యి కడుక్కోవడానికి లేచినవాడు మళ్ళీ కూర్చున్నాడు. "వైజాగ్ యాడుంది, మనం యాడున్నాం?"

"మార్కాపురం రోడ్డులో రైలెక్కితే తెల్లారేసరికి దిగొచ్చు."

"రైలు పోతాది లేమ్మా. రైలు పోదని నేనన్లేదు. నిన్ను దింపి నేను తిరిగొచ్చినాక, జరమొస్తే నీకు నీళ్ళిచ్చే మనిషెవరు?"

జాహ్నవి తల వంచుకుంది. దాని ఫోను తెరిస్తే ఎప్పుడూ ఒక పెద్ద గేటు బొమ్మ కనిపించేది. ఆ యూనివర్సిటీ గేటే అది. ఎప్పటినుంచి పెట్టుకుందో గానీ నాకు చూసి చూసి ఆ గేటు మా ఊరి బస్సుస్టాపంత అలవాటైపోయింది. పిల్ల ముఖం చూడలేక నేను అడ్డం వచ్చాను.

"మహజబీను గూడ రాస్తాంది నాయనా. ఇద్దరు కలిసి పోతారు. ఒకే గదిలో ఉంటారు. నువ్వు దిగులు పడేదేముంది?"

వాడు కొంచెం మెత్తబడ్డాడు. కిందున్న మజీదును పైకి పిలిచాడు. మజీదు చేతికున్న గ్రీజు తుడుచుకుంటూ వచ్చి, విషయం విని, "మా పిల్ల రాస్తాందా? రాయనీ అన్నా. జాహ్నవి పక్కనుంటే మా దానికి ఏ ఊరైనా ఒకటే" అన్నాడు.

"అట్లయితే వినండి అందరూ" అన్నాడు మాలకొండయ్య. "ఇద్దరికీ ఒకే కాలేజీ వస్తే పంపిస్తా. అది వైజాగ్ కానీ, ఇంకోటి కానీ. ఈమెకొక చోట, ఆమెకొక చోట అయితే మాత్రం లేదు. ఇప్పుడే చెప్తాండా, మళ్ళ ఏడ్చొద్దు."

అంతే చాలన్నట్టు జాహ్నవి మెట్లు దిగి పరిగెత్తింది. తాను ఎంట్రెన్సు రాస్తున్న సంగతి మహజబీనుకు తెలిసింది అప్పుడే.

"ఏ పరీక్ష?" అని ఆ పిల్ల అడగడం నాకు పైకి వినబడింది.

*

ఎండలు ముదిరాయి. మజీదు దుకాణంలో బాగుచేసి ఇంకా ఎవరూ తీసుకుపోని కూలరు ఒకటి మా గదికి ఎక్కింది. సొంతదారు వస్తే అది దిగిపోతుంది, ఇంకొకరిది వస్తుంది. మధ్యాహ్నాలు తలుపు దగ్గరగా వేసుకుని ఇద్దరూ ఆ కూలరు ముందు చదివేవాళ్ళు. నేను ఒక పక్క చింతపండు ఈనెలు తీస్తూనో, వక్కలు కత్తిరిస్తూనో కూర్చునేదాన్ని.

లెక్కలంటే మహజబీనుకు భయం లేదు. తండ్రి దుకాణంలో కూర్చుని కూర్చుని నోటితోనే చేసేది. దాని ప్రాణం తీసింది ఇంగ్లీషు. అందులోనూ ఈ జంట మాటలు. జాహ్నవికి అవన్నీ ముందే వచ్చు. అయినా రోజూ మొదటినుంచి మహజబీనుకు చెప్పేది.

"ఎమినెంట్?"

"మీదికొచ్చేది."

"కాదు. అది ఇమినెంట్. ఎమినెంట్ అంటే గొప్ప పేరున్న మనిషి."

"రెండూ ఒకటే మాదిరి ఉంటే నేనేం చేసేది? ఆ దొరలకు వేరే అక్షరాలు దొరకలేదా?"

రోజూ ఇదే గొడవ. ఒకనాడు నేను ఊరుకోలేకపోయాను.

"మాటా అర్థం, మాటా అర్థం అని గొణుక్కుంటే ఎట్ల నిలుస్తాదే? దానికొక మనిషిని తగిలించు. మనిషి గుర్తుంటే మాట గుర్తుంటాది. ఎమినెంట్ అంటే జాహ్నవి తాత వెంకటసుబ్బయ్య. ఎక్కడ బోరు వెయ్యాలో చూపించమని చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఆయన కోసం బండ్లు పంపేవి. ఇమినెంట్ అంటే ఆదివారం దీని నాయన. వద్దన్నా వచ్చి కూచుంటాడు."

పిల్లలిద్దరూ పడీపడీ నవ్వారు. ఆ తరువాత మహజబీను ఆ రెండు మాటలు ఎప్పుడూ తప్పలేదు. శనివారం సాయంత్రమైతే చాలు, "అవ్వా, రేపు ఇమినెంట్ వస్తాడు, గది ఊడ్చుకోండి" అని కిందినుంచే కేకేసేది.

అట్లా మొదలైంది నా పంతులమ్మ ఉద్యోగం. వాళ్ళు మాటా అర్థం చెప్పేవాళ్ళు, నేను మనిషిని వెతికేదాన్ని. డిస్ఇంటరెస్టెడ్ అంటే పంచాయితీలో కూర్చున్న పెద్దమనిషి. అన్న వైపూ ఉండడు, తమ్ముడి వైపూ ఉండడు. అన్ఇంటరెస్టెడ్ అంటే అదే పంచాయితీలో గోడకానుకుని నిద్రపోయే మనిషి. ఆ పిల్లల పుస్తకంలో ఉన్న ఉదాహరణల కంటే నావే బాగున్నాయని మహజబీను అనేది.

"ప్రాసిక్యూట్ అంటే కోర్టుకు లాగేది, పర్సిక్యూట్ అంటే బాధలు పెట్టి ఏడిపించేది. దీనికెవరవ్వా?"

"ప్రాసిక్యూట్ సరోజమ్మ. మా వీధిలోనే ఉండేది. అత్తను మార్కాపురం కోర్టు మెట్లెక్కించింది."

"మరి పర్సిక్యూట్?"

"ఆ అత్తే."

జాహిదా మెట్లమీద నిలబడి అంతా విని, "పెద్దమ్మా, నన్ను దేనికి పెట్టినావు?" అని అడిగింది. పిల్లలు నోటికి చున్నీలు అడ్డం పెట్టుకున్నారు. "నీకు ఇంకా మాట దొరకలేదు జాహిదా" అన్నాను. దొరకలేదని నిజంగానే నమ్మి, పాపం, అరగంట కూర్చుని కబుర్లు చెప్పి పోయింది.

నవ్వులు నవ్వులుగానే ఉన్నా నాకు ఒక బెంగ ఉండేది. జాహ్నవి సగం పొద్దు మహజబీనుకు చెప్పడంతోనే సరిపోతోంది. ఒకరోజు ఆ పిల్ల కిందికి పోయాక అడిగాను.

"నీ చదువు నువ్వెప్పుడు చదువుకుంటావే?"

"తెల్లారి చదువుతాండా గదా."

"దానికి చెప్పింది చాల్లేగానీ, నీది చూసుకో."

"నాకు వస్తాదవ్వా. నాకు తెలుసు. దానికి రావాల. అది రాకుంటే నాకొచ్చి ఏం లాభం?"

మహజబీనుకు కూడా ఆ సంగతి తెలుసు. నవ్వులాటకు అనేది గానీ మాటలో బరువుండేది. "కళ్ళం కాడ కుప్పకు కాపలా ఉన్నట్టు ఉంటాది అవ్వా ఇది నాకు. దగ్గితే దగ్గు మాత్ర ఇస్తాది. ఎండకు పోనియ్యదు. పరీక్ష రాసేదాకా నేను దీని సొత్తు."

*

పరీక్ష ఒంగోలులో రాసి వచ్చారు. ఫలితాలు వచ్చిన రోజు మజీదు దుకాణం మూసి మరీ ఇంటికి వచ్చాడు. జాహ్నవికి మూడంకెల ర్యాంకు. మహజబీనుకు ఐదంకెల ర్యాంకు.

చిన్న అంకె గొప్పదని నాకు తెలియదు. "పాపం, మన దానికే తక్కువొచ్చిందా?" అన్నాను. జాహ్నవి నన్ను గట్టిగా పట్టుకుంది. మజీదు లడ్లు తెచ్చి వీధంతా పంచాడు. "ఐదంకెలైతే ఏమి పెద్దమ్మా, పాసయింది గదా. ఇంగ్లీషులో మా ఇంట్లో ఎవరు పాసయినారు చెప్పు?" అన్నాడు. ఆ పూట ఇద్దరు పిల్లలూ మెట్లమీద కూర్చుని లడ్డు సగం సగం తుంచుకుని తిన్నారు. ఆ సంతోషం చూసి, నాకు ఏదో ఒకటి తట్టాల్సింది గానీ, ఆ పూట తట్టలేదు.

తెల్లవారి బట్టలు ఆరేస్తుంటే జాహ్నవి వెనక వచ్చి నిలబడింది.

"అవ్వా, మహజబీను ర్యాంకుకు వైజాగ్ రాదు."

"నీకు?"

"నాకొస్తాది. మా సారు గూడ చెప్పినాడు, కచ్చితంగా వస్తాదని."

తడిబట్ట నా చేతిలోనే ఉండిపోయింది. "మరి ఇద్దరికీ వచ్చేది ఏదే?"

"ఒంగోలు అవతల హైవే పక్కన ఒక ప్రైవేటు కాలేజీ ఉంది. దాంట్లో ఎవరికైనా వస్తాది. పోయిన ఏడాది సగం సీట్లు మిగిలిపోయినాయంట."

ఏడవలేదు. అట్లా చెప్పి, నా చేతిలోని బట్ట తీసుకుని దులిపి ఆరేసింది.

ఆదివారం మాలకొండయ్య వచ్చాడు. మనవరాలు అడగలేదు, నేనే అడిగాను. పిల్లకు ఎంత పెద్ద ర్యాంకు వచ్చిందో చెప్పాను, అట్లాంటి ర్యాంకు మన మండలంలోనే ఎవరికీ రాలేదన్నాను. వాడి ముఖం వెలిగింది. వెంటనే నల్లబడింది కూడా.

"మహజబీనుకు అక్కడ రాదా?"

"రాదంట."

"మరి మనం అనుకున్నది ఏంది?"

"నేను పోతా నాయనా దానితో. ఇక్కడ వండిపెట్టినట్టే అక్కడా వండిపెడతా."

"నీ కన్ను ఆపరేషను ఉండాదని డాక్టరు చెప్పలేదా? అదట్లుంచు. ఈ మూడేళ్ళు నువ్విక్కడున్నావని ఇంటికాడ నీ కోడలు ఒక్కతే రెండు బర్రెలు చూసుకుని చేనికి పోతాంది. ఇంకా రెండేళ్ళంటే ఆమెకు ఏం చెప్పేది? చెప్పు, నువ్వే చెప్పు."

కోడలి నడుమునొప్పి సంగతి నాకు తెలుసు. వాడిది అన్యాయం అనడానికి నాకు నోరు రాలేదు. న్యాయం అనడానికీ రాలేదు.

వాడు కూతురివైపు తిరిగి, ఎంతో నెమ్మదిగా అన్నాడు. "నేను చదువొద్దంటాండానా తల్లీ? చదువు. మహజబీను పక్కనుంటే నాకు నిద్ర పడతాది. కాలేజీదేముంది, పుస్తకాలు ఎక్కడైనా అవే గదా."

"సరే నాయనా" అంది జాహ్నవి.

*

కాలేజీల పేర్లు వరసగా కంప్యూటరులో పెట్టాలట. మొదట ఏది కావాలో, అది రాకపోతే తరువాత ఏదో. దానికోసం బస్టాండు వెనక ఏబేలు నడిపే ఇంటర్నెట్ సెంటరుకు ముగ్గురం పోయాం. ఏబేలు నలభై దాటిన మనిషి. మార్కాపురంలో పిల్లల చదువులు సగం అతని వేళ్ళ మీదుగానే పోతాయి.

జాహ్నవి ర్యాంకు కార్డు చూసి అతను కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"ఏం చదివినావు పాపా. మొదట వైజాగే గదా?"

"కాదన్నా." హైవే పక్క కాలేజీ పేరు చెప్పింది.

"అది ఆఖర్న పెట్టుకుందాం. మొదట చెప్పు."

"మొదటే అది. ఇంకేం వద్దు, అదొక్కటే."

అతను కంప్యూటరు మీదినుంచి చెయ్యి తీసేశాడు. "పాపా, ఈ ర్యాంకుకు ఆ కాలేజీ వాళ్ళే నిన్ను చూసి నవ్వుతారు. వైజాగ్ పైన పెట్టు. రాకుంటే అడుగు నన్ను."

"వస్తాదనే పెట్టడంలేదన్నా."

అతనికి అర్థం కాలేదు. నావైపు చూశాడు. "అవ్వా, నువ్వన్నా చెప్పు."

"వాళ్ళ నాయన ఇద్దరికీ ఒకే చోట అన్నాడు నాయనా" అన్నాను.

ఏబేలు అప్పుడు మహజబీనును చూశాడు. ఆ పిల్ల అప్పటిదాకా కుర్చీ వెనక నిలబడి చున్నీ కొస మెలిపెడుతోంది. వంగి జాహ్నవి చెవి దగ్గర చెప్పింది గానీ ఆ చిన్న గదిలో అందరికీ వినబడింది.

"నా సంగతి వదిలెయ్. నువ్వు వైజాగ్ పెట్టుకో. మీ నాయనతో నేను మాట్లాడతా."

"నువ్వు లేకుంటే అదీ లేదు, ఇదీ లేదు. గమ్మునుండు."

"నావల్ల..."

"నీవల్ల కాదు. గమ్మునుండు అంటాంటే."

ఏబేలు కీబోర్డు మీద రెండుసార్లు టకటకలాడించాడు. సరిచూసుకోమని తెర మా వైపు తిప్పాడు. జాహ్నవి చూసి తల ఊపింది. తరువాత మహజబీనుకూ అదే కాలేజీ పెట్టాడు. మొత్తం అయ్యేసరికి వక్క నమిలినంత సేపు కూడా పట్టలేదు.

బయటికి వచ్చాక ముగ్గురం బండి దగ్గర నిమ్మకాయ సోడా తాగాం. జాహ్నవి ఫోనులో ఏదో చేస్తూ నిలబడింది. ఇంటికి వచ్చాక చార్జింగుకు పెట్టినప్పుడు చూశాను. గేటు బొమ్మ లేదు. కొనేటప్పుడు ఫోనుతోపాటు వచ్చే నీలం రంగు పువ్వేదో ఉంది.

*

అనుకున్నట్టే ఇద్దరికీ అక్కడే వచ్చింది. మార్చుకోవాలంటే ఇంకో విడత ఉందని ఏబేలు ఫోను చేసి మరీ చెప్పాడట. అవసరం లేదంది జాహ్నవి. ఆ విడత కూడా గడిచిపోయింది. వానలు మొదలయ్యాయి. పిల్లలిద్దరూ బజారుకు పోయి ఒకే రంగు బకెట్లు, ఒకే రకం కంచాలు, ఒకే దుప్పట్లు తెచ్చుకున్నారు. కలిసిపోతే ఎవరివి ఎవరివో ఎట్ల తెలుస్తుందని నేనడిగితే, తెలియకుంటే ఏమైందని నవ్వారు. జాహ్నవి మళ్ళీ నవ్వడం చూసి నేను కుదుటపడ్డాను. పోనీలే, రెండేళ్ళే కదా, తోడుగా ఒక మనిషి ఉంది కదా అనుకున్నాను.

ఇంకో వారంలో ప్రయాణమనగా మజీదు ఫోనుకు ఒక మెసేజి వచ్చింది. పోస్టాఫీసులో ఉద్యోగం. పదో తరగతి మార్కులు చూసి ఇచ్చేది. చలికాలంలో ఎప్పుడో మహజబీను పేరుమీద అర్జీ పెట్టి అందరూ మరిచిపోయారు. ముందు లిస్టుల్లో పేరు రాలేదు. ఎవరో వద్దనుకుంటే ఈ లిస్టులో వచ్చింది. పామూరు దగ్గర ఒక పల్లెలో.

ఆ సాయంత్రం మహజబీను పైకి వచ్చింది. ఎప్పుడూ కేక వేసి మరీ ఎక్కే పిల్ల చప్పుడు లేకుండా వచ్చి గడప దగ్గర నిలబడింది. జాహ్నవి పెట్టె సర్దుతోంది.

"అబ్బా పొమ్మంటాడు" అంది.

"పోవాల్నే" అంది జాహ్నవి, తల ఎత్తకుండా. "గవర్నమెంటు ఉద్యోగం ఎవరు వదులుకుంటారు?"

"నువ్వు తిట్టు నన్ను. అవ్వా, నువ్వన్నా తిట్టు."

ఏమని తిట్టాలి? ఆ పిల్ల చేసిందేముంది? మంచి జరిగింది దానికి. ఆ మంచి పరీక్షకు ముందే జరిగి ఉంటే ఆ పిల్లను కూర్చోబెట్టి ఎండాకాలమంతా చదివించే పని లేకపోయేది. ఇంకో నెల ముందు జరిగి ఉన్నా వేరే దారి చూసుకునేవాళ్ళం. నేను దాన్ని దగ్గరికి తీసుకుని తల నిమిరాను. "చల్లగా ఉండు తల్లీ" అన్నాను. అప్పుడు ఏడ్చింది మహజబీను. జాహ్నవి లేచి వచ్చి దాని కళ్ళు తుడిచింది. తాను మాత్రం ఏడవలేదు.

ఆదివారం మాలకొండయ్య రాగానే మజీదు వాకిట్లోనే ఆపాడు. మొహమాటపడుతూ చేతులు పట్టుకున్నాడు.

"మాట తప్పినట్టయింది అన్నా. ఏమనుకోవద్దు."

"ఏమనుకుంటా మజీదూ. మంచి పని. వదలకూడదు." వాడు మనసులోంచే అన్నాడు. తరువాత అడిగాడు. "పామూరు అంటే రోజూ పోయి రావడం కుదరదు గదా?"

"కుదరదు. ఆ పల్లెలోనే ఒక గది చూసినా."

"జాహిదా పోయి ఉంటాదా?"

"ఆమె పోతే ఇక్కడెట్ల? మహజబీను ఒక్కతే ఉంటాది. ఉండదా ఏంది? పెద్దపిల్ల, ఫోనుంది, పక్కన మనుషులుంటారు."

మజీదు అందులో ఏదీ గుచ్చాలని అనలేదు. ఆ మనిషికి ఆ గుణమే లేదు. నా కొడుకు మాత్రం చెప్పులు విడవబోయినవాడు ఒక చెప్పు కాలికుండగానే కొంచెంసేపు నిలబడిపోయాడు.

పైకి వచ్చాక జాహ్నవి అడిగింది. "నేను పోనా, మాననా నాయనా?"

"సీటొచ్చినాక మానేదేంది? పో."

"ఒక్కదాన్నేనా?"

"మహజబీను పోవడంలే?"

అన్నాడు గానీ, ఆ మాట నోట్లోంచి వచ్చాక దాన్ని వాడు కూడా విన్నాడు. మేమూ విన్నాం. జాహ్నవి ఒక దుప్పటి తీసి నాలుగు మడతలు వేసింది. మళ్ళీ విప్పింది. ఇంకొంచెం చిన్నగా మడిచి పెట్టెలో పెట్టింది.

*

తండ్రే తీసుకుపోయి దింపాడు. పొద్దున్నే పోయినవాడు దీపాలు పెట్టేవేళకు తిరిగి వచ్చాడు. మరుసటి పొద్దున గది ఖాళీ చేసి నన్ను ఊరికి తీసుకుపోవాలి. సామాను అంతా కట్టి ఉంది. ఒక్క గిన్నె అన్నం, కొంచెం చారు, మజ్జిగ మాత్రం ఉంచాను.

కంచం ముందు పెట్టి, "ఎట్లుంది?" అని అడిగాను.

"హాస్టలు బాగుంది. గదికి నలుగురు. నీళ్ళు గూడ మనకంటే బాగుండాయి." అన్నం కలుపుతూ చెప్పాడు. "మిగతా ముగ్గురు పిల్లలు ముందే వచ్చినారు. ఎవరికి వాళ్ళు ఒక్కొక్కరే వచ్చినారంట. ఒక పిల్లది శ్రీకాకుళం పక్క."

"అంత దూరం నుంచా?"

"వాళ్ళ నాయనతో మాట్లాడినా. వాళ్ళకు వైజాగ్ దగ్గరంట. ర్యాంకు చాలక ఇక్కడికి పంపించినాడంట. మన జాహ్నవి ర్యాంకు అడిగినాడు."

"చెప్పినావా?"

"చెప్పినా."

"ఏమన్నాడు?"

"నావైపు చూసినాడు."

ఇంకో ముద్ద కలిపాడు, నోట పెట్టుకోలేదు. కింద జాహిదా ఎవరితోనో ఫోనులో మాట్లాడుతోంది.

"అమ్మా."

"ఏంది నాయనా?"

"ఆ వైజాగ్ సీటు... ఇంక ఏం లేదా?"

"ఎవరో చేరిపోయుంటారు."

"ఊ" అన్నాడు. అన్నంలో పెట్టిన చెయ్యి అట్లానే ఉంది. మజ్జిగ పొయ్యనా అని అడిగాను. పొయ్యమన్నట్టు వాడు కంచం కొంచెం నావైపు జరిపాడు.